కాలేజీ మెయిల్ మారింది, ఫోన్ మాత్రం పాతదాన్నే పట్టుకుని కూర్చుంది

కొత్త పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నారు. ల్యాబ్ కంప్యూటర్‌లో ఠక్కున తెరుచుకుంటుంది. అదే ఐడీ, అదే పాస్‌వర్డ్ సొంత ఫోన్‌లో కొడితే గిరగిరా తిరిగి మళ్లీ సైన్ ఇన్ పేజీకే వచ్చి ఆగుతుంది. కాలేజీ మెయిల్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిన వారంలో కర్నూల్లో ఏ కాలేజీ ల్యాబ్‌కు వెళ్లినా, రాజ్‌విహార్ దగ్గర ఏ నెట్ సెంటర్‌లో కూర్చున్నా వినపడే గోడు ఇదే. పిల్లలు దీనికి చేసే వైద్యం కూడా ఒకటే: పాస్‌వర్డ్ మార్చడం. అదీ కుదరకపోతే ఫోన్ రీసెట్ కొట్టడం. మొదటిది చాలాసార్లు దండగ పని. రెండోది ప్రమాదం.

ల్యాబ్‌లో తెరుచుకుందంటేనే ఒక సంగతి తేలిపోయింది. ఐడీ ఉంది, పాస్‌వర్డ్ సరైనదే. ఇక తగువంతా ఆ ఫోన్‌తోనో ల్యాప్‌టాప్‌తోనో. అందులో పాత ఖాతా ఎక్కడెక్కడ అంటుకుని ఉందో తెలిస్తే సగం పని అయినట్టే. దేన్ని ముందు తీయాలి, తీసే ముందు ఏం బయటికి తెచ్చుకోవాలి అన్నది మిగతా సగం. నిజానికి నష్టాలు జరిగేది ఈ రెండో సగంలోనే.

కాలేజీలకు ఈ మార్పిడి ఎందుకొచ్చి పడిందంటే, చాలావరకు స్థలం గొడవ. గూగుల్ ఒకప్పుడు విద్యాసంస్థలకు హద్దు లేని స్టోరేజీ ఇచ్చేది. 2021 ఫిబ్రవరిలో జీ సూట్ ఫర్ ఎడ్యుకేషన్ పేరును గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్‌గా మార్చినప్పుడే, ఇకమీదట సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు (ఒక టెరాబైట్ అంటే సుమారు వెయ్యి జీబీ) అని చెప్పేసింది. అప్పటికే వాడుతున్నవాళ్లకు అది 2022 జులై నుంచి వర్తించింది. మైక్రోసాఫ్ట్ కూడా ఆ తర్వాత 100 టెరాబైట్ల ఉమ్మడి లెక్కకే వచ్చింది. వేలమంది పిల్లలు, కరోనా నాటి ఆన్‌లైన్ క్లాసుల రికార్డింగులు, పాసైపోయిన బ్యాచ్‌లవాళ్లు డ్రైవ్‌లో దాచుకున్న సినిమాలు... ఈ లెక్క ఎక్కడ తేలుతుంది? దాంతో పాత ఖాతాలు ఊడ్చేయడం, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారడం మొదలైంది. ఇంకో కారణం పేరు మార్పు. కాలేజీ స్వయంప్రతిపత్తి తెచ్చుకున్నప్పుడో, యూనివర్సిటీ అయినప్పుడో డాట్ కామ్, డాట్ ఆర్గ్ వదిలి డాట్ ఏసీ డాట్ ఇన్‌కు వెళ్తుంది. ఆ పేర్లు నమోదు చేసేది ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా.

ఖాతా అనేది ఒక్కటి కాదు

మనం ఒకే మాటగా ఖాతా అంటాం గానీ లోపల నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి చిరునామా, అంటే మెయిల్ ఐడీ. రెండోది ఆ చిరునామా వెనక సర్వర్ మీకిచ్చిన లోపలి గుర్తింపు సంఖ్య. అది మీకెప్పుడూ కనపడదు.

మూడోది టోకెన్. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్ దాన్ని ప్రతిసారీ పంపదు, సర్వర్ ఇచ్చిన టోకెన్ చూపించుకుంటూ పోతుంది. డోన్ నుంచి రోజూ వచ్చే పిల్లవాడు కండక్టర్‌కు బస్ పాస్ చూపిస్తాడే గానీ స్టడీ సర్టిఫికెట్ చూపించడు కదా, అట్లా. వాడు కాలేజీ మానేసినా పాస్ గడువు తీరేదాకా బస్సులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. గూగుల్‌లోనైనా మైక్రోసాఫ్ట్‌లోనైనా పనికి వాడే టోకెన్ సుమారు గంటసేపు చెల్లుతుంది. అది తీరగానే యాప్ ఇంకో దీర్ఘకాలపు టోకెన్ చూపించి కొత్తది తెచ్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్‌లో ఆ పెద్ద టోకెన్‌కు మామూలుగా 90 రోజుల గడువు. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ఇద్దరిలో ఒకడికి పొద్దున్నే అంతా ఆగిపోయి, ఇంకొకడికి సాయంత్రందాకా నడవడంలో మాయేమీ లేదు. ఎవరి యాప్ ఎప్పుడు టోకెన్ మార్చుకోబోయిందో దాన్నిబట్టి ఉంటుంది.

నాలుగోది పరికరానికీ సంస్థకూ మధ్య పడిన ముడి. దీన్ని ఎప్పుడు వేసుకున్నామో మనకే గుర్తుండదు. చిక్కంతా ఎక్కువగా దీనితోనే. కాసేపట్లో వస్తాను.

మార్పిడిలో రెండు రకాలున్నాయని ఇప్పుడు అర్థం చేసుకోవచ్చు. ఒకే వ్యవస్థలో ఉంటూ పేరు మాత్రమే మారిస్తే చిరునామా కొత్తది, లోపలి గుర్తింపు పాతదే. గూగుల్‌లో ఇలా మార్చినప్పుడు పాత చిరునామా మారుపేరుగా మిగులుతుంది, దానికి వచ్చే మెయిల్ కొత్త ఇన్‌బాక్స్‌లోనే పడుతుంది, డ్రైవ్‌లో ఫైళ్లు కదలవు. ఇక్కడ చిక్కు చిన్నది. ఫోన్‌లో ఖాతా తీసి మళ్లీ పెడితే ఎక్కువగా సర్దుకుంటుంది. రెండో రకంలో కొత్త వ్యవస్థలో కొత్త ఖాతా పుడుతుంది. పేరు మీదే, ఒక్కోసారి చిరునామా కూడా అక్షరం తేడా లేకుండా అదే. అయినా సర్వర్ దృష్టిలో మీరు కొత్త మనిషి. పాత గూగుల్ క్లాస్‌రూమ్, పాత ఫైళ్లు, పాత ఆథెంటికేటర్ (సైన్ ఇన్‌కు కోడ్ చూపించే ఫోన్ యాప్) నమోదు వాటంతటవి వెంట రావు. మీ కాలేజీది ఏ రకమో ముందు అడిగి తెలుసుకోండి. నోటీసులో ఈ ఒక్క ముక్క రాస్తే ల్యాబ్ ముందు క్యూ సగం తగ్గుతుంది, కానీ ఎందుకో రాయరు.

తెర మీద ఏం రాసి ఉంది?

"సార్, ఓపెన్ కావట్లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. తెర మీది వాక్యంలోనే జవాబు ఉంటుంది. గూగుల్ మీ ఖాతా దొరకలేదు అంటే చిరునామా తప్పు కొట్టారు, లేదా పాతది కొట్టారు. పాస్‌వర్డ్ ఫలానా రోజుల కిందట మార్చారు అంటే ఖాతా దొరికింది, మీరు కొట్టింది పాత పాస్‌వర్డ్. మైక్రోసాఫ్ట్ అయితే ఏఏడీఎస్‌టీఎస్ అన్న అక్షరాల తర్వాత ఒక సంఖ్య ఇస్తుంది. 50126 అంటే ఐడీ లేదా పాస్‌వర్డ్ తప్పు. 50034 అంటే ఆ ఐడీ ఈ సంస్థ జాబితాలోనే లేదు. 50053 అంటే తప్పులు ఎక్కువై తాళం పడింది. 50020 వస్తే మాత్రం పాస్‌వర్డ్ జోలికి పోవద్దు: మీరు ఒక సంస్థ ఖాతాతో ఇంకో సంస్థ తలుపు తడుతున్నారు, అంటే బ్రౌజర్ పాత ఖాతానే ముందుకు తోస్తోంది.

ఐడీ కొట్టడంలోనే పోయే కేసులూ తక్కువేం కాదు. చాలాచోట్ల కొత్త ఐడీ అంటే హాల్ టికెట్ నంబరే. కంప్యూటర్ సైన్స్ వాళ్ల నంబర్లో 05 వస్తుంది. అందులో ఉన్నది సున్నా. దాని బదులు ఇంగ్లీషు అక్షరం ఓ కొట్టి అరగంట కుస్తీ పట్టేవాళ్లున్నారు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన పాస్‌వర్డ్‌ను కాపీ చేస్తే చివర ఒక ఖాళీ స్థలం కూడా అంటుకుని వస్తుంది, అది కళ్లకు కనపడదు. ఇక మొదటి పాస్‌వర్డ్ పుట్టిన తేదీ అన్నారనుకోండి, ఏ పుట్టిన తేదీ? పదో తరగతి సర్టిఫికెట్‌లోదా, ఆధార్‌లోదా? బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ ఒకటి, అసలు పుట్టింది ఒకటి అయిన ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. కాలేజీ రికార్డులోది పదో తరగతి తేదీయే.

బ్రౌజర్‌దే తప్పా కాదా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అందులో సైన్ ఇన్ చేయండి. అక్కడ తెరుచుకుంటే ఖాతా నిక్షేపంగా ఉంది, మామూలు కిటికీలో మిగిలిన కుకీలే (సైటు బ్రౌజర్‌లో దాచుకునే పాత గుర్తులు) అడ్డం. ఆ సైటు కుకీలు తుడిచేస్తే చాలు. కాలేజీ ఖాతాకు క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకుంటే మళ్లీ మళ్లీ ఈ బాధ ఉండదు. ఒకే ప్రొఫైల్‌లో మూడు గూగుల్ ఖాతాలుంటే మొదట సైన్ ఇన్ అయినదే పెద్దరికం చేస్తుంది. క్లాస్‌రూమ్ లింకు నొక్కితే మీకు అనుమతి లేదు అని రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇంకో తికమక ఉంది. కాలేజీ గూగుల్‌కు మారకముందే ఎవరో ఆ కాలేజీ చిరునామాతోనే సొంతంగా గూగుల్ ఖాతా తెరిచి ఉంటారు. ఇప్పుడు ఒకే చిరునామాకు రెండు ఖాతాలు. గూగుల్ పాతదానికి జీటెంప్‌అకౌంట్ అన్న తాత్కాలిక పేరు తగిలించి, దాన్ని మార్చుకోమంటుంది. భయపడకుండా దాన్ని వేరే చిరునామాకు మార్చుకోవచ్చు, అందులోని ఫైళ్లు పోవు. మైక్రోసాఫ్ట్‌లో ఇదే పరిస్థితి వస్తే వర్క్ ఆర్ స్కూలా, పర్సనలా అని అడుగుతుంది. కాలేజీ పనికి మొదటిది నొక్కాలి.

ఓటీపీ నాయన ఫోన్‌కు పోయింది

కొత్త వ్యవస్థలో మొదటిసారి సైన్ ఇన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ తర్వాత రెండో తనిఖీ ఉంటుంది, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో. నంబరు ఎవరిది? అడ్మిషన్ ఫారంలో రాసినది. అది తండ్రిదో అన్నదో అయి ఉంటుంది. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ల్యాబ్ వరండాలో నిలబడి ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను:

"నాయినా, నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింటాది సూడు. ఆరు అంకెలు ఉంటాయి."

"నేను సేన్లో ఉండా. అది ఇంగ్లీషులో ఉండాది, నాకేం తెల్సు? ఇంటికి పోయినాక పాపతో సదివిచ్చి జెప్తాలే."

ఇంటికి పోయేసరికి ఆ అంకెలకు గడువు తీరిపోతుంది. మళ్లీ పంపించుకుంటే మళ్లీ అదే కథ. వరసగా నొక్కుతూ పోతే కాసేపటికి ఇక పంపను అంటుంది. దీనికి మార్గం ఆఫీసులో నంబరు మార్పించుకోవడమే. అది కూడా మార్పిడికి ముందే. తర్వాతైతే కాలేజీ ఖాతాలు చూసుకునే అడ్మిన్ మీ ఐడీ మీద పాత నమోదు తీసేసి కొత్తగా నమోదు చేసుకునే వీలు ఇవ్వాలి.

ఆథెంటికేటర్ యాప్ వాడేవాళ్లకు ఒక మాట. పాత ఖాతాకు వచ్చే కోడ్ కొత్త ఖాతాకు పనికిరాదు, పేరు ఒకటే కనపడినా సరే. కొత్త ఖాతాకు కొత్త క్యూఆర్ స్కాన్ చేయాల్సిందే. 30 సెకన్లకోసారి మారే ఆ అంకెలు ఫోన్ గడియారం నుంచి పుడతాయి కాబట్టి టైమ్ ఆటోమేటిక్‌లో లేకపోతే సరైన కోడ్ కూడా తప్పంటుంది. పాత ఎంట్రీని మాత్రం పాత ఖాతాతో పని పూర్తిగా తీరేదాకా చెరపకండి.

ల్యాప్‌టాప్‌లో పడిన ముడి

ఎప్పుడో ఆన్‌లైన్ క్లాసులకు మైక్రోసాఫ్ట్ టీమ్స్ పెట్టుకున్నప్పుడు విండోస్ ఒక ప్రశ్న అడిగింది. ఈ పరికరాన్ని మీ సంస్థ నిర్వహించడానికి అనుమతించండి అని పక్కన టిక్ ముందే పెట్టి ఉంది. కింద ఓకే. కనపడీ కనపడనట్టు చిన్న అక్షరాల్లో ఈ ఒక్క యాప్‌కే అన్న ఇంకో లింకు. క్లాసు మొదలైపోతోందని అందరూ ఓకే నొక్కారు. ఆ నిమిషాన మీ సొంత ల్యాప్‌టాప్ కాలేజీ జాబితాలో చేరింది. ఇప్పుడు కాలేజీ మెయిల్ మారినా ల్యాప్‌టాప్ పాత సంస్థ పేరే చెబుతుంటుంది. వర్డ్, టీమ్స్, వన్‌డ్రైవ్, ఎడ్జ్ అన్నీ దాన్నే అడిగి తెలుసుకుంటాయి. ఒక్కో యాప్‌లో సైన్ ఔట్ కొట్టినా మళ్లీ పాత ఐడీ తేలడానికి కారణం అదే.

విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ తెరవండి. అక్కడ రెండు రకాలుగా కనపడవచ్చు, ఈ తేడా బాగా చూసుకోవాలి. వర్క్ ఆర్ స్కూల్ అకౌంట్ అని, కింద మీ పాత మెయిల్ ఉంటే అది వదులు ముడి. డిస్‌కనెక్ట్ నొక్కి, వన్‌డ్రైవ్‌లో అన్‌లింక్ దిస్ పీసీ చేసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే పోతుంది. మొండికేస్తే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ పేరుతో ఉన్నవి తీసేయండి. వన్‌డ్రైవ్ ఫోల్డర్లో మబ్బు గుర్తున్న ఫైళ్లు మీ ల్యాప్‌టాప్‌లో లేవని గుర్తుంచుకోండి. అన్‌లింక్ చేయకముందే వాటిని దించుకోవాలి.

అలా కాకుండా ఫలానా సంస్థ తాలూకు అజూర్ ఏడీకి కనెక్ట్ అయి ఉంది అని ఉంటే (సంస్థల ఖాతాలు చూసే మైక్రోసాఫ్ట్ సేవ, కొత్త పేరు ఎంట్రా ఐడీ) అది బిగుసుకున్న ముడి. ల్యాప్‌టాప్ తెరవడానికి కొట్టే ఐడీయే కాలేజీది. ఇక్కడ గబుక్కున డిస్‌కనెక్ట్ కొడితే మీ ల్యాప్‌టాప్‌లోకి మీరే పోలేరు. ముందు అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న లోకల్ యూజర్‌ను ఒకదాన్ని తయారు చేసుకుని, దానితో ఒకసారి లోపలికి వెళ్లి చూసుకుని, పాత యూజర్ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు కాపీ చేసుకున్నాకే ముడి విప్పాలి.

దీనికన్నా ఎవరూ చెప్పని సంగతి బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం. చాలా ల్యాప్‌టాప్‌ల డిస్క్ ఇప్పుడు దానంతటదే తాళం వేసుకుని వస్తోంది. దాని 48 అంకెల రికవరీ కీ ఎక్కడుంటుంది? మీరు ఏ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదలుపెట్టారో అక్కడ. కాలేజీ ఖాతాతో మొదలుపెట్టి ఉంటే కీ కాలేజీ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా తీసేశాక ఎప్పుడో బయాస్ (ల్యాప్‌టాప్‌ను లేపే లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ అయి నీలం తెర కీ అడిగితే ఇక డిస్క్‌లో ఉన్నదానికి నీళ్లొదులుకోవడమే. పాత ఖాతా ఇంకా బతికుండగానే కీ చూసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.

సైన్ ఇన్ అయినా వర్డ్‌లో టైపు చేయనివ్వట్లేదంటే అది వేరే వ్యవహారం. ల్యాప్‌టాప్‌లో వర్డ్ ఇచ్చే ఏ1 ప్లస్ అనే ఉచిత లైసెన్సును మైక్రోసాఫ్ట్ 2024 ఆగస్టు 1న ఆపేసింది. మామూలు ఏ1 తో బ్రౌజర్‌లోనే పని.

ఫోన్‌లో ఖాతా తీసే ముందు

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, రిమూవ్ అకౌంట్. తీయడం మూడు నొక్కుల పని. దాంతోపాటు ఏం పోతాయో చూసుకోండి. ఫోన్ నంబర్లు ఏ ఖాతాలో సేవ్ అవుతున్నాయి? కాంటాక్ట్స్ యాప్‌లో చూస్తే చాలామందికి కాలేజీ మెయిల్ కిందే ఉంటాయి, ఖాతాతో పాటు అవీ మాయమవుతాయి. ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి సొంత జీమెయిల్‌లోకి తెచ్చుకోండి. వాట్సాప్ బ్యాకప్ కూడా ఉచితంగా జాగా వచ్చిందని కాలేజీ డ్రైవ్‌కే పెట్టి ఉంటారు. చాట్ బ్యాకప్‌లో ఖాతా మార్చి, సొంత ఖాతాకు ఒకసారి బ్యాకప్ పూర్తయిందాకా ఆగండి. డ్రైవ్ ఫైళ్లు, మెయిళ్లకు గూగుల్ టేకౌట్‌లో ట్రాన్స్‌ఫర్ అనే సదుపాయం ఉంది. అడ్మిన్ మూసేయకుండా ఉంటే సొంత ఖాతాకు నేరుగా కాపీ చేస్తుంది, కాకపోతే రోజులు పట్టవచ్చు. రేపు ఖాతా మూస్తారనగా ఈ రాత్రి మొదలుపెడితే అందదు.

ఫోన్ రీసెట్ ప్రమాదమని మొదట్లో అన్నాను కదా. ఫోన్‌లో ఉన్న ఒకే ఒక్క గూగుల్ ఖాతా కాలేజీది అనుకోండి. బటన్లు పట్టుకుని రికవరీ మెనూ నుంచి రీసెట్ కొట్టారు. ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగల బెడద కోసం పెట్టిన రక్షణ ఒకటుంది: ఫోన్ తిరిగి లేచాక ఇంతకుముందున్న ఖాతాయే అడుగుతుంది. ఆ ఖాతా కాలేజీవాళ్లు తీసేశారు. ఇక బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరగాల్సిందే. గూగుల్‌లో అడ్మిన్ తీసేసిన ఖాతాను 20 రోజుల్లోపు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజుల్లోపు వెనక్కి తేవచ్చు. ఆ గడువు దాటకముందే అడగండి.

ఇక తాళం పడటం. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నారు, బాగుంది. కానీ మెయిల్ యాప్‌లోనో, క్యాంపస్ వైఫైలోనో పాతది దాగి ఉండి మీకు తెలియకుండానే తలుపు కొడుతూ ఉంటుంది. ఇలాంటి ప్రయత్నాలు పేరుకుంటే కొన్ని వ్యవస్థల్లో ఖాతాకే తాళం పడుతుంది. మీరేమో సరైన పాస్‌వర్డ్ కొట్టి ఇదేం ఖర్మ అనుకుంటారు. వైఫైని ఫర్గెట్ చేసి కొత్తగా కలవండి. మెయిల్ యాప్‌లో పాత ఖాతా తీసేయండి. చేత్తో కొట్టే తప్పులకైతే మైక్రోసాఫ్ట్ మామూలుగా 10 సార్లు చూసి ఒక నిమిషం తాళం వేస్తుంది, మళ్లీ మళ్లీ తప్పితే ఆ సమయం పెంచుకుంటూ పోతుంది. అందుకని తాళం పడ్డాక ఊరుకోవడమే మంచిది, ఇంకో పదిసార్లు కొట్టడం కాదు. బాగా పాత మెయిల్ యాప్ అయితే దాన్ని వదిలేయండి: పాస్‌వర్డ్ మాత్రమే అడిగే పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి, గూగుల్ సంస్థల ఖాతాలకు 2025లో మూసేశాయి.

మార్పిడి జరిగిన వారంలోనే మీ ఖాతా నేటితో ఆఖరు, ఈ లింకులో పాస్‌వర్డ్ ఇవ్వండి అనే మెసేజ్‌లు దిగుతాయి. కాలేజీ నోటీసు బోర్డులో లేని లింకు నొక్కకండి. ఇచ్చేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి, డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి.

కాలేజీ బయట ఆ మెయిల్‌తో తెరిచిన ఖాతాలు చివరి సంవత్సరం పిల్లలకు అసలు తలనొప్పి. గూగుల్‌తో సైన్ ఇన్ అనే బటన్ వాడే సైట్లు లోపలి గుర్తింపు సంఖ్యను చూడాలని గూగుల్ చెబుతుంది. కొన్ని సైట్లు బద్ధకించి చిరునామానే చూస్తాయి, అది మారగానే మిమ్మల్ని కొత్తవాళ్లుగా చూస్తాయి. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుకు ఏ మెయిల్‌తో చేరారో పరీక్షకూ అదే మెయిల్‌తో నమోదు కావాలి. కాబట్టి కోర్సు నడుస్తుండగా పాత ఖాతా మూసుకుపోతే ముందే వాళ్లకు రాయాలి. గిట్‌హబ్, లింక్డ్‌ఇన్‌లో రెండో మెయిల్ చేర్చుకునే వీలుంది. పాతదానితో లోపలికి వెళ్లగలిగినప్పుడే సొంత మెయిల్ చేర్చి దాన్నే ముఖ్యమైనదిగా పెట్టుకోండి.

ఇన్ని చేసినా కాకపోతే ఆఫీసుకు వెళ్లండి. గూగుల్, మైక్రోసాఫ్ట్ కస్టమర్ కేర్ మీ కాలేజీ ఖాతా జోలికి రాదు, తాళం చెవి అడ్మిన్ దగ్గరే ఉంటుంది. వెళ్లేటప్పుడు ఎర్రర్ తెర స్క్రీన్‌షాట్ తీసుకెళ్లండి, అందులో సంఖ్య, సమయం, కొరిలేషన్ ఐడీ (ఆ ఒక్క ప్రయత్నానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తు) కనపడాలి. ఇన్‌కాగ్నిటోలో తెరుచుకుందో లేదో, ఇంకొకరి ఫోన్‌లో పని చేసిందో లేదో ఒక కాగితం మీద రాయండి. ఆ సమయం ఉంటే అడ్మిన్ తన సైన్ ఇన్ రికార్డులో మీ వరుసను వెతికి పట్టుకుని కారణం చెప్పగలడు. మీ పాస్‌వర్డ్ మాత్రం ఆయనకు అక్కర్లేదు, అడిగినా చెప్పకండి.